స్కానర్ కొనే ముందు కట్లు కట్టే టేబుల్ లెక్క తేల్చండి

ప్రశ్న: నేను జనరల్ సర్జన్‌ని. ఖమ్మంలో మూడేళ్లుగా షుగర్ రోగుల పాదాలకు ప్రత్యేకంగా క్లినిక్ నడుపుతున్నాను. నెలకు 260 కన్సల్టేషన్లు, 200 డ్రెస్సింగులు (రెండింటికీ 500 చొప్పున), 24 మందికి ఆనెలు, గోళ్లు తీయడం (700), 20 కాస్టులు, అంటే పుండు మీద బరువు పడకుండా కాలికి వేసే గట్టి కట్లు (2,500), 25 జతల ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అడుగున్నవి (2,500) ఉంటాయి. మొత్తం 3.6 లక్షల దాకా వస్తుంది. సామగ్రికి 62 వేలు, నలుగురు సిబ్బందికి 68 వేలు, అద్దెకు 35 వేలు, కరెంటు, వ్యర్థాల తరలింపు వగైరాలకు 14 వేలు, చెప్పులు చేయించడానికి 40 వేలు, పరికరాల పాత లోను ఈఎంఐకి 38 వేలు పోతాయి. ఇంటి ఖర్చూ అదే ఖాతాలోంచి. ఖాతా పుస్తకాలు రాయకుండా రాబడిలో సగాన్ని లాభంగా చూపే 44ఏడీఏ సెక్షన్ కింద ఆదాయపు పన్ను కడుతున్నాను. నెలకు 150 గంటలు క్లినిక్‌లో ఉంటాను, అందులో 25 దాకా ఖాళీయే. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. 9 లక్షల లోనుతో పాదాల ఒత్తిడి కొలిచే స్కానర్ కొంటే ఆదాయం పెరుగుతుందా?

జవాబు: డాక్టర్ గారూ, ఇప్పుడే కొనకండి. మీకు రోగుల కొరత లేదు. కట్టే ప్రతి కట్టుకూ చేతి డబ్బు పడుతోంది.

లెక్క చూడండి. చికిత్స గది వాటాకు వచ్చే అద్దె, జీతాలు, కరెంటు కలిపి 80 వేలు అనుకుందాం. పరికరాల ఈఎంఐ 38 వేలు కలిపితే 1.18 లక్షలు. డ్రెస్సింగుకు సగటున 25 నిమిషాలు, కాస్టుకు 50, ఆనెలు, గోళ్లకు 30 చొప్పున చూస్తే ఆ టేబుల్ నెలకు 112 గంటలు పనిచేస్తోంది. అంటే టేబుల్ నిమిషం ఖరీదు 17.50. మీ శ్రమకు నెలకు 1.5 లక్షలు కట్టుకుంటే, 150 గంటలకు మీ నిమిషం 17 రూపాయలు. ఒక డ్రెస్సింగుకు టేబుల్ ఖర్చు 437, మీ 8 నిమిషాలకు 136, గాజ్ గుడ్డ, బ్లేడు, డ్రెస్సింగ్ సామగ్రికి 180. మొత్తం 753. మీరు తీసుకుంటున్నది 500. నెలకు 200 డ్రెస్సింగుల మీద 50 వేలు ఇక్కడే కారిపోతోంది. కాస్టు, కన్సల్టేషన్ మాత్రం తమ ఖర్చు తామే మోస్తున్నాయి.

అలాగని రేపటి నుంచి అందరికీ 750 చేస్తే పొరపాటు. పుండు మానేదాకా వారానికి రెండు మూడుసార్లు రావలసిన మనిషి మధ్యలో మానేస్తాడు. మీ వృత్తిలో దాని ఫలితం వేలు తీసేయడం, కాలు తీసేయడం. అందుకే పుండును బట్టి మూడు ధరలు పెట్టండి. చిన్నది, పైపైన ఉన్నది: 15 నిమిషాలు, 450. మధ్యరకం: 25 నిమిషాలు, 750. చచ్చిన కండ కోసి తీయాల్సిన లోతు పుండు: 45 నిమిషాలు, 1,400. మీ 200లో ఇవి 80, 80, 40గా ఉంటే ఇప్పటి లక్ష 1.52 లక్షలవుతుంది. అందులో 80 డ్రెస్సింగులకు ధర తగ్గుతుంది కూడా. స్తోమత లేనివాళ్లకు నెలకు పది డ్రెస్సింగులు ఉచితమని పుస్తకంలో రాసి పెట్టుకోండి. అందరికీ నష్టానికి చేయడం కంటే అవసరమైనవాళ్లకు ఆ పది పూర్తిగా ఉచితంగా చేయడం మేలు.

కాస్టులో ఇంకో చిల్లు ఉండే వీలుంది. మొదటి కాస్టు వేశాక వాపు దిగి, అది వదులై, కొత్త పుండు పుట్టకముందే 48 నుంచి 72 గంటల్లో మార్చాలి. ఆ రెండోదాన్ని మొహమాటంతో ఉచితంగా వేస్తుంటే 2,300 మీ జేబులోంచే పోయినట్టు. మొదటి రెండు కాస్టులకూ కలిపి 4,700 అని ముందే చెప్పండి.

ఇక పన్ను. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడాదికి 43.2 లక్షల రాబడి మొత్తాన్నీ 44ఏడీఏ కింద చూపి, సగాన్ని, అంటే 21.6 లక్షలను లాభంగా ఒప్పుకుంటున్నారు. ఈఎంఐ కాక మిగతా ఖర్చులు పోగా మీకు మిగిలేది 16.9 లక్షలే. లోను వడ్డీ, పరికరాల తరుగుదల (సాధారణ వైద్య పరికరాలకు 15 శాతం) తీసేస్తే 13.5 లక్షల దగ్గరకు దిగవచ్చు. 2025-26 కొత్త విధానం శ్లాబుల్లో 21.6 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 2,49,600. 13.5 లక్షల మీద 85,800. తేడా లక్షన్నర పైమాటే. సగం కంటే తక్కువ లాభం చూపాలంటే ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఆ ఫీజు ఇచ్చాక కూడా మీకే లాభం. పుస్తకాలు రాయకుండా ఉండే సుఖానికి ఇంత ధర పెట్టకండి. పైగా చెప్పుల అమ్మకం వృత్తి ఆదాయం కాదు, వ్యాపారం. దాన్ని ఆడిటర్ గారితో విడిగా రాయించండి.

ఆ చెప్పుల దగ్గరే జీఎస్టీ చిక్కు కూడా ఉంది. చికిత్సకు జీఎస్టీ లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది డాక్టర్లు అనుకుంటారు. చెప్పులు అమ్మకపోతే అది నిజమే. అమ్మడం మొదలుపెట్టాక 20 లక్షల పరిమితి చూసేటప్పుడు పన్ను లేని చికిత్స రాబడి కూడా లెక్కలోకి వస్తుంది. మీ 43.2 లక్షలు దాన్ని ఎప్పుడో దాటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 వరకు ఉన్న పాదరక్షలకు 5 శాతం, దాటితే 18 శాతం. ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. నోటీసు వచ్చేదాకా ఆగకుండా పాత బకాయి ఎంతో ఈ నెలలోనే లెక్క కట్టించండి.

అమ్మకమే వద్దనుకుంటే చెప్పులు చేసేవారే నేరుగా రోగికి బిల్లు ఇవ్వాలి. ఆయన దగ్గర కమీషన్ మాత్రం తీసుకోకండి, 2002 నాటి వైద్య వృత్తి నియమావళి దాన్ని నిషేధించింది. పాదం కొలతలు తీసి, తయారైన చెప్పు ఎక్కడ ఒరుస్తోందో చూసి సరిచేయించినందుకు మీరు విడిగా ఫీజు తీసుకోవచ్చు. అది మీ వైద్యం.

ఇప్పుడు స్కానర్. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ దాదాపు 19,600. నిర్వహణ ఒప్పందానికి నెలకు 4,500 వేసుకున్నా 24 వేలు దాటుతుంది. స్కానుకు 800 తీసుకుని, మీ 10 నిమిషాలు పోగా 630 మిగిలితే నెలకు కనీసం 39 స్కాన్లు కావాలి. మీరు చెప్పులు ఇస్తున్నది 25 మందికి. లెక్క కుదరదు. ప్రస్తుతానికి సిరా అచ్చు పడే హారిస్ మ్యాట్ చాలు. ఒత్తిడి ఎక్కడ పడుతోందో అది చూపిస్తుంది, రోగికి ఆ అచ్చు చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

మీ 150 గంటల్లో 25 దాకా ఖాళీగా పోతున్నాయి. వాటిని నింపే దారి మీ పాత రిజిస్టర్లోనే ఉంది. పుండు మానిన వాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ వస్తుంది. వాళ్లను ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలి. స్పర్శ తగ్గి, పాదం ఆకారం మారినవాళ్లను మూడు నుంచి ఆరు నెలలకు, స్పర్శ మాత్రమే తగ్గినవాళ్లను ఆరు నుంచి పన్నెండు నెలలకు చూడాలి. రిసెప్షన్ అమ్మాయికి రోజుకు పది ఫోన్లు పని పెట్టండి. స్పర్శ చూసే మోనోఫిలమెంట్, రక్తప్రసరణ చూసే డాప్లర్ పరీక్షలతో 20 నిమిషాలు, అదే 500 ఫీజు. రోజుకు ముగ్గురు వచ్చినా నెలకు 37 వేలు, కొత్త ఖర్చు దాదాపు లేదు.

ఇంటి ఖర్చుకు వేరే ఖాతా తెరవండి. ప్రతి నెలా 1వ తేదీన 90 వేలు జీతంగా మార్చుకుని, క్లినిక్ ఖాతాను ఇక ముట్టకండి. ముందుగా పన్ను బాకీలు, తర్వాత మూడు నెలల స్థిర ఖర్చు 4.65 లక్షలు పోగవ్వాలి. అవి పోగయ్యాకే జీతం పెంచుకోండి. నెలకు నికరంగా 39 మందికి స్కాన్ అవసరమవుతుందని ఆరు నెలల రిజిస్టర్ చూపించిన రోజు లోను గురించి మళ్లీ మాట్లాడదాం.