టైమ్‌షేర్‌ని దానమిచ్చేస్తే వదిలిపోతుందా?

ప్రశ్న: 2009లో పిల్లల్ని డిస్నీకి తీసుకెళ్లినప్పుడు, ఓర్లాండోలో టికెట్లు సగం ధరకే ఇస్తామంటే ఒక ప్రెజెంటేషన్‌కి వెళ్లి, మధ్యాహ్నం దాకా కదలనివ్వకపోయేసరికి 16 వేల డాలర్లకు టైమ్‌షేర్ (ఏటా ఒక వారం రిసార్టులో ఉండే హక్కు) కొనేశాం. లోను తీరిపోయింది. ఆ రిసార్టుకి వెళ్లి ఆరేళ్లవుతోంది, మెయింటెనెన్స్ ఫీజు మాత్రం ఏటా పెరుగుతూ ఈసారి 1,340 అయింది. మొన్న ఎవరో ఫోన్ చేసి, 3 వేలు కడితే చారిటీకి రాయించేస్తాం, టాక్స్‌లో 10 వేలు చూపించుకోవచ్చు అన్నారు. మావారు కట్టేద్దామంటున్నారు. మా తర్వాత ఇది పిల్లల మెడకు చుట్టుకుంటుందేమోనని నాకు టెన్షన్.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ 3 వేలు కట్టకండమ్మా. ముందే డబ్బు అడిగారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి, కట్టారా, గోడకు కొట్టిన సున్నమే. ఒక్కసారి చారిటీ వైపు నుంచి చూడండి, మీ టైమ్‌షేర్ తీసుకున్న రోజు నుంచి ఆ 1,340 వాళ్లు కట్టాలి. అన్నదానానికో పిల్లల చదువులకో పోగేసిన డబ్బును రిసార్టు ఫీజుకి పొయ్యమని ఏ మంచి సంస్థనూ మనం అడగలేం.

ఇక ఆ 10 వేల మాట. టాక్స్ వసూలు చేసే ఐఆర్ఎస్ చూసేది మీరెంతకు కొన్నారని కాదు, ఇవాళ బజార్లో ఎంత పలుకుతుందని. ఈబేలో మీ రిసార్టు పేరు కొట్టి, అమ్ముడుపోయిన వాటి ధరలు చూడండి, ఒక్క డాలరుకు పోయినవి కూడా కనిపిస్తాయి. 5 వేలు దాటి చూపించాలంటే విలువ కట్టడానికి అర్హత ఉన్న అప్రైజర్ రిపోర్టు కావాలి, రిటర్న్ మీద సంతకం మాత్రం మీది. సరిగ్గా ఇలాంటి దానాల పథకం మీదే అమెరికా న్యాయశాఖ 2015లో మోంటానాలో కేసు వేసింది, లేని విలువ ఉన్నట్టు అప్రైజల్స్ రాయించారన్నది అందులో ఆరోపణ. మనవాళ్లు కొందరు గుడి వేలంపాటకు ఒక వారం బస ఇస్తుంటారు, మనసు మంచిదే, కానీ దానికి టాక్స్ మినహాయింపు రాదు, ఫీజూ తప్పదు.

మీరు చేయాల్సింది వేరు. పాత ఫైలు తీయండి. యూనిట్ నంబరు, వారం నంబరు ఉన్న కాగితం మీద కౌంటీ రికార్డు ముద్ర, బుక్కు, పేజీ నంబర్లు ఉంటే అది డీడ్, అంటే మీ పేరున రికార్డయిన ఆస్తి పత్రం. అది చేతిలో పెట్టుకుని, ఎవరో ఇచ్చిన నంబరుకి కాదు, మీ ఫీజు బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి ‘డీడ్ బ్యాక్’ ఉందా అని అడగండి. లోను తీరి, ఫీజు బకాయి లేకపోతే పెద్ద కంపెనీలు చాలానే వెనక్కి తీసుకుంటున్నాయి. అప్‌గ్రేడ్ చేసుకోండి అని మాట మారుస్తారు, వినొద్దు, పై వాళ్లకు కలపమనండి. ఒకరు కాదంటే వారం తర్వాత మళ్లీ చేయండి. పేరు మారిన డీడ్ కౌంటీలో రికార్డయి, ఇక మీ బాధ్యత లేదని రిసార్టు ఉత్తరం వచ్చేదాకా పని అయినట్టు కాదు. అప్పటిదాకా ఫీజు ఆపకండి, ఆపితే బాకీ వసూలు చేసే కలెక్షన్స్ వాళ్లకి పోయి క్రెడిట్ పాడవుతుంది.

పిల్లల గురించి బెంగపడకండి. మీ తర్వాత వాళ్లకు అక్కర్లేదనుకుంటే, దాన్ని వాడుకోకముందే, తొమ్మిది నెలల్లోపు మాకొద్దని లాయరు ద్వారా రాసిచ్చేయొచ్చు. ఆ రోజు ఓర్లాండోలో డీడ్ మీద వాళ్ల పేర్లు కూడా ఎక్కించి ఉంటే మాత్రం సంగతి వేరు, ఫైలు తీసినప్పుడు ముందు అది చూడండి.