పికప్ ఒక మాటా, రెండు మాటలా?

ప్రశ్న: అయ్యా, నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా పని చేస్తున్నాను. మా దగ్గర బియ్యం కొన్న హైదరాబాద్ వ్యాపారికి ‘లోడ్ ఈజ్ రెడీ. ప్లీజ్ పికప్ ఇట్ బిఫోర్ ఈవెనింగ్’ అని ఇంగ్లిషులో ఉత్తరం రాస్తే, సంతకం పెట్టవలసిన మా యజమాని కుమారుడు ‘పికప్ ఇట్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ఇందులో రెండు తప్పులున్నాయని తిరిగి ఇచ్చారు. అవి ఏమిటో దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆయన చెప్పింది నిజమే. పిక్, అప్ అనే రెండు మాటలను కలిపి రాయడం ఒకటి, ‘ఇట్’ను వాటి తరువాత పెట్టడం రెండవది. అక్కడ ఉండవలసింది ‘పిక్ ఇట్ అప్’.

ఈ పొరపాటుకు మూలం మన తెలుగు వాడుకలోనే ఉంది. ‘దేవరకొండ బస్టాండులో నన్ను పికప్ చేసుకో’ అంటాం, ‘బండికి పికప్ లేదు’ అంటాం, సరుకు మోసే చిన్న బండినీ పికప్ అనే పిలుస్తాం. ఇంగ్లిషు క్రియను నామవాచకంగా తెచ్చుకొని, దానికి మన ‘చేయు’ను తగిలించి వాడుకుంటున్నాం కాబట్టి అది మన చెవికి ఒకే ముద్దగా స్థిరపడిపోయింది, ఇంగ్లిషు రాయడానికి కూర్చున్నా అదే ముద్ద కాగితం మీదికి దిగుతుంది.

నామవాచకంగానో విశేషణంగానో వాడినప్పుడు ఇంగ్లిషులోనూ కలిపి రాయడం సరైనదే: పికప్ టైమ్, పికప్ వ్యాన్. నడుమ చిన్న గీత పెట్టేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు. క్రియ అయినప్పుడు మాత్రం ఎడం తప్పనిసరి. అనుమానం వస్తే వాక్యాన్ని భూతకాలంలోకి మార్చి చూడండి. ‘ద లారీ పిక్డ్ అప్ ద బ్యాగ్స్’ అన్నప్పుడు ‘ఈడీ’ పిక్‌కే అంటుకుంటుంది గాని అప్‌కు కాదు. (‘పికప్డ్’ అని రాసిన దరఖాస్తు కూడా ఒకసారి నా కంట పడింది.) కాలాన్ని తెలిపే ప్రత్యయం నడుమ చేరిందంటే అవి రెండు మాటలే.

ఇక ‘ఇట్’ సంగతి. కర్మ నామవాచకమైతే ‘పిక్ అప్ ద బ్యాగ్స్’ అన్నా, ‘పిక్ ద బ్యాగ్స్ అప్’ అన్నా చెల్లుతుంది. ఇట్, దెమ్, హిమ్ వంటి సర్వనామమైతే దాని చోటు నడుమనే. ‘తీసుకొని వెళ్లాడు’ను మనం ‘తీసుకొని మరీ వెళ్లాడు’ అని విడదీస్తాం కదా, ఇంగ్లిషువారు ఆ సందులో కర్మనే కూర్చోబెడతారు. అయితే ఆ కర్మ ‘నిన్న సాయంత్రం తూకం వేసి పక్కన పేర్చిన 50 బస్తాలు’ అన్నంత పొడవుగా ఉంటే అప్‌ను పిక్ పక్కనే ఉంచండి, లేకపోతే చదివేవారు దానికోసం వాక్యం చివరిదాకా వెదకవలసి వస్తుంది.

ఇలాంటి జంటలన్నీ విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనే రాయాలి, అక్కడ ‘ఇట్’ నడుమకు రాదు. ఏది విడుతుందో, ఏది విడదో మంచి నిఘంటువు చూసి తెలుసుకోవడమే మేలు.

మీ ఉత్తరాన్ని ఇలా మార్చి పంపండి: ‘ద లోడ్ ఈజ్ రెడీ. ప్లీజ్ పిక్ ఇట్ అప్ బై ఫైవ్ పీఎమ్ టుడే.’ సాయంత్రం అంటే ఎవరి లెక్క వారిది కాబట్టి గంట చెప్పాను. లోడ్‌కు ముందు ‘ద’ కూడా చేర్చాను. ఆ మూడవ తప్పు ఎర్ర సిరాకు చిక్కలేదు.