స్టీరింగ్ మీది బటన్లు: అల్లుడికో ఉత్తరం

అల్లుడూ, ఆశీస్సులు.

సెకండ్‌హ్యాండ్ కారుకి పాత స్టీరియో తీయించి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించావు, బాగానే ఉంది. ఇప్పుడేమో స్టీరింగ్ మీద వాల్యూమ్ బటన్ నొక్కితే పాట మారిపోతోందని, ఒక్కోసారి అసలు ఉలుకూ పలుకూ లేదని రాశావు. డెకార్స్ షాపువాడు స్విచ్‌లు పోయాయి, సెట్టు మొత్తం మార్చాలన్నాడట. అప్పుడే మార్చకు. అది పనిచేసే తీరు తెలిస్తే జబ్బు ఎక్కడుందో నువ్వే పట్టుకోవచ్చు.

ఆ వయసు కార్లలో స్టీరింగ్ మీద ఆరేడు బటన్లున్నా, అక్కణ్ణుంచి స్టీరియో దాకా వచ్చేవి సాధారణంగా రెండు మూడు తీగలే. ఒక్కో బటన్‌కి ఒక్కో విలువ గల రెసిస్టెన్స్ లోపల అమర్చి ఉంటుంది. స్టీరియో ఆ తీగ మీద చిన్న వోల్టేజీ పెట్టి, బటన్ నొక్కినప్పుడు అది ఎంతకి పడిపోయిందో చూసుకుంటుంది. ఇంతకి పడితే వాల్యూమ్ పెంచు, అంతకి పడితే పాట మార్చు, అంతే దానికి తెలిసింది. బటన్ల పేర్లు దానికి తెలియవు, అంకెలే తెలుసు. మధ్యలో ఎక్కడైనా జాయింటు వదులైనా, చిలుము పట్టినా రెసిస్టెన్స్ కాస్త పెరుగుతుంది, ఒక బటన్ అంకె పక్క బటన్ అంకెలా కనబడుతుంది. నీ కారులో జరుగుతున్నది చాలావరకు ఇదే.

కొత్త కార్లలో కొన్నింటికి బటన్ల సమాచారం క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగ) మీద డిజిటల్ సంకేతంగా వెళ్తుంది. వాటికి ఈ లెక్క పనికిరాదు, ఆ సంకేతాన్ని స్క్రీన్‌కి అర్థమయ్యేలా మార్చే, ఆ మోడల్‌కి సరిపోయే క్యాన్ బాక్స్ కావాలి. నీ స్క్రీన్ వెనక కీ1, కీ2 అని రాసిన తీగల్ని స్టీరింగ్ నుంచి వచ్చే తీగలకి కలిపి ఉంటే నీది పాత పద్ధతే అనుకో.

ముందు ఖర్చులేని పని. స్క్రీన్ సెట్టింగ్స్‌లో స్టీరింగ్ కీ అనో స్టీరింగ్ లెర్నింగ్ అనో ఉంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు ఆపి, అందులోకి వెళ్లు. షాపువాడు నేర్పిన పాత అంకెలన్నీ చెరిపెయ్. తర్వాత స్టీరింగ్ మీద ఒక బటన్ నొక్కి పట్టుకుని, స్క్రీన్ మీద దానికి కావలసిన బొమ్మని తాకు. ఇలా ఒక్కొక్కటీ నేర్పి, చివర్లో సేవ్ చెయ్యి. చాలామంది ఈ సేవ్ దగ్గరే మర్చిపోయి, కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే మొత్తం పోయిందని గోల పెడతారు.

నేర్పాక ప్రతి బటన్‌నీ పదేసి సార్లు నొక్కి చూడు. లైట్లు ఆపి ఒకసారి, వేసి ఒకసారి. స్టీరింగ్ నిటారుగా ఉంచి ఒకసారి, పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి ఒకసారి. లైట్లు ఎందుకంటే, బటన్ల లోపల వెలిగే చిన్న దీపాల కరెంటూ బటన్ల సంకేతమూ ఒకే ఎర్త్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద వస్తుంటే, ఆ ఎర్త్ బలహీనంగా ఉన్నప్పుడు లైట్లు వేయగానే అంకెలు జరుగుతాయి. పగలంతా బుద్ధిగా ఉండి చీకటి పడగానే పిచ్చి చేసే బటన్ల గుట్టు ఇది. అప్పుడు స్విచ్ కాదు, ఎర్త్ బాగుచేయించాలి.

ఇంకా తేడా ఉంటే మల్టీమీటర్ తీసుకో. కీ1 తీగని స్క్రీన్ నుంచి విడదీసి, దానికీ ఎర్త్‌కీ మధ్య ఓమ్స్ చూడు. ఒక్కో బటన్ నొక్కుతూ అంకెలు కాగితం మీద రాసుకో. కీ2కీ అంతే. ఇప్పుడు ఆ కాగితమే అంతా చెబుతుంది. ఒక్క బటన్ మాత్రమే నొక్కిన ప్రతిసారీ వేరే అంకె చూపిస్తే ఆ బటన్ కాంటాక్ట్ మురికి పట్టింది. బటన్లన్నీ దాదాపు ఒకే మోతాదులో ఎక్కువ చూపిస్తే దారిలో జాయింటో, ఎర్తో వదులు. బటన్ నొక్కి పట్టుకుని స్టీరింగ్ తిప్పుతుంటే అంకె ఎగిరెగిరి పడితే తప్పు క్లాక్ స్ప్రింగ్‌ది, అంటే స్టీరింగ్ వెనక ఉండే చుట్ట కేబుల్‌ది, దాని సంగతి కింద చెబుతాను. ఓమ్స్ చూసేటప్పుడు ఇంజిన్, లైట్లు రెండూ ఆఫ్‌లో ఉండాలి, తిప్పి చూడటానికి స్టీరింగ్ లాక్ విడిపోయేంతవరకే తాళం తిప్పు.

జాయింటు అయితే మందు తేలిక. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన తీగలుంటాయి, అవి మన ఎండకి జిగురు కారి ఊడతాయి. సోల్డర్ పెట్టించి స్లీవ్ వేయించు. కంపెనీ కప్లర్ (తీగల్ని కలిపే ప్లగ్గు) కోసి ఉంటే మాత్రం ఆ షాపుకి మళ్లీ వెళ్లకు. ఆ కారుకి తగిన అడాప్టర్ కప్లర్ దొరుకుతుంది, కోత లేకుండానే పని అవుతుంది.

కాంటాక్ట్ మురికి అయితే స్విచ్ విప్పి, రబ్బరు మీది నల్ల కార్బన్ గుండీలనీ బోర్డునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో మెల్లగా తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే కార్బన్ పొర పోయి స్విచ్ నిజంగానే చస్తుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు, అవి లోపల జిడ్డుగా మిగిలి దుమ్ముని పట్టుకుంటాయి. అసలు ఈ మురికి చాలాసార్లు మనం పెట్టిందే. డ్యాష్‌బోర్డ్ పాలిష్‌నీ శానిటైజర్‌నీ నేరుగా స్టీరింగ్ మీద కొడితే బటన్ల సందుల్లోంచి లోపలికి దిగుతుంది. గుడ్డ మీద కొట్టుకుని తుడువు.

క్లాక్ స్ప్రింగ్ అని తేలితే అక్కడితో నీ చేతిపని ఆపు. స్టీరింగ్ తిరుగుతున్నా తీగలు తెగకుండా ఉండటానికి స్టీరింగ్ వెనక చుట్టచుట్టి పెట్టిన పలుచని రిబ్బన్ కేబుల్ అది. హారన్, ఎయిర్‌బ్యాగ్ తీగలు కూడా అందులోంచే పోతాయి. బటన్లతోపాటు హారన్ కూడా మోగకపోయినా, మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగినా అనుమానం దాని మీదే, పైగా ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. దాన్ని మార్చాలంటే ఎయిర్‌బ్యాగ్ ఊడదీయాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఆ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాకే పసుపు కప్లర్ ముట్టుకోవాలి. ఇది తెలిసిన మెకానిక్‌తోనే చేయించు.

పక్కన నిలబడి ఒక్కటి మాత్రం గమనించు. ముందు చక్రాలు నిటారుగా ఉండాలి, కొత్త స్ప్రింగ్ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక వైపు చివరిదాకా మెల్లగా తిప్పి, అక్కణ్ణుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి తేవాలి, గుర్తులు ఎదురెదురుగా రావాలి. ఇది తప్పితే ఒకవైపు పూర్తిగా తిప్పిన మొదటి యూటర్న్‌లోనే రిబ్బన్ తెగిపోవచ్చు. స్టీరింగ్ ర్యాక్ పనో, కాలమ్ పనో చేయించాకే నీ గొడవ మొదలై ఉంటే, అప్పుడు స్ప్రింగ్ జరిగిందేమో అడుగు.

బటన్లు బాగయ్యాక వాడకం సంగతి. రోడ్డు మీదినుంచి కన్ను తీయకుండా ఉండటానికే వాటిని అక్కడ పెట్టారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కారులోని పరికరం వైపు ఒక్కసారి చూసే చూపు 2 సెకన్లు మించకూడదనీ, ఆ పని మొత్తానికి చూపులన్నీ కలిపి 12 సెకన్లు దాటకూడదనీ పెట్టారు. గంటకి 80 కిలోమీటర్ల మీద 2 సెకన్లంటే 44 మీటర్లు. మన హైవేల్లో అంతలోపు గేదె రావచ్చు, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ కూడా రావచ్చు. బటన్ కోసం స్టీరింగ్ వైపు చూశావంటే దానికీ స్క్రీన్‌కీ తేడా లేనట్టే.

అందుకని ఇంటి ముందు కారు ఆపి ఐదు నిమిషాలు సాధన చెయ్యి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పెట్టి, కళ్లు మూసుకుని, పట్టు వదలకుండా బొటనవేలితో మూడు మెట్లు వాల్యూమ్ పెంచు, తగ్గించు, పాట మార్చు, మ్యూట్ చెయ్యి. తడబడిన బటన్ దగ్గర ఉబ్బెత్తు గీతో చుక్కో ఉందేమో తడిమి గుర్తు పెట్టుకో. నాలుగూ తప్పు లేకుండా వచ్చేదాకా చెయ్యి. మ్యూట్‌ని మాత్రం అన్నిటికన్నా గట్టిగా నేర్చుకో. అంబులెన్స్ సైరన్ ఎటునుంచో తెలియనప్పుడు, రైల్వే క్రాసింగ్ దగ్గర అక్కరకొచ్చేది అదే.

మలుపులో, రౌండెబౌట్‌లో ముట్టుకోవద్దు. స్టీరింగ్ తిరిగితే బటన్లు తలకిందులై పెంచేది తగ్గించేదవుతుంది. హారన్ కొట్టేటప్పుడు బొటనవేలు బటన్లకి దూరంగా, అరచేతితో మధ్యలో కొట్టు. ఉన్నట్టుండి ఎఫ్‌ఎం పెద్దగా మోగడానికి సగం కారణం హారన్ వేళ్లే.

కొన్ని సెట్టింగులు ముందే చేసుకుంటే దారిలో పని తగ్గుతుంది. ఎఫ్‌ఎంలో నీకు కావలసిన నాలుగైదు స్టేషన్లు మాత్రమే వరుసగా సేవ్ చెయ్యి. చాలా స్టీరియోల్లో చిన్న నొక్కుకి సేవ్ చేసిన తర్వాతి స్టేషన్ వస్తుంది, నొక్కి పట్టుకుంటే గాలిస్తుంది. ఎక్కువగా విజయవాడ తిరుగుతావు కనుక ఆకాశవాణి రెయిన్‌బో హైదరాబాద్ 101.9, విజయవాడ 102.2 పక్కపక్కనే పెట్టుకో. మోడ్ బటన్ చుట్టూ తిరిగేటప్పుడు వచ్చే ఏఎం, ఆక్స్ లాంటివి ఆపే వీలు నీ స్క్రీన్‌లో ఉంటే ఆపెయ్, రెండు నొక్కులు మిగులుతాయి.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. ఫోన్‌ని కారు స్క్రీన్‌కి కలిపే ఆండ్రాయిడ్ ఆటోలో పాటకి, దారి చెప్పే గొంతుకి, ఫోన్ కాల్‌కి వాల్యూమ్‌లు వేరువేరు. దారి చెప్పే గొంతు వినబడటం లేదని ఊరికే వాల్యూమ్ పెంచితే పాట పెరుగుతుంది. ఆ గొంతు మాట్లాడుతున్న క్షణంలోనే పెంచాలి. ఒక యాప్‌లో పాట మారి, ఇంకో యాప్‌లో మారకపోతే అది యాప్ తప్పు, బటన్‌ని తిట్టకు. పచ్చ ఫోన్ బటన్ కొన్ని కార్లలో రెండుసార్లు నొక్కితే చివరి నంబర్‌కి కాల్ వెళ్లిపోతుంది, అర్ధరాత్రి మీ ఆఫీసు మేనేజర్‌కి వెళ్లకముందే చూసుకో.

స్టీరింగ్ కవర్ వేయించావా? లావు కవర్ అయితే తీసెయ్. పట్టు మారి బొటనవేలు బటన్ల దాకా చేరదు, వేసవిలో జారుతుంది కూడా.

బావగారి కారు బేస్ మోడల్, స్టీరింగ్ మీద బటన్లు లేవు, ఆన్‌లైన్‌లో దొరికే వైర్‌లెస్ రిమోట్ కడదామన్నావు. కట్టు, తప్పేం లేదు. కానీ స్టీరింగ్ రిమ్ పక్కభాగానే కట్టాలి, మధ్యలో ఎయిర్‌బ్యాగ్ మూత మీద వద్దు, అది విచ్చుకుంటే ఆ ముక్క మొహానికొస్తుంది. చాలావాటిలో సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, ఒకటి అదనంగా గ్లవ్‌బాక్స్‌లో పడెయ్. కంపెనీ స్విచ్‌లే కొని పెట్టాలంటే ముందు ఆ బేస్ మోడల్ క్లాక్ స్ప్రింగ్ కప్లర్‌లో పిన్నులు లెక్కపెట్టు. హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ సరిపోయేన్నే ఉంటే స్ప్రింగ్ కూడా మార్చాలి. అంత ఖర్చు ఆ కారుకి దండగ.

చెల్లి కొత్త కారు చూస్తోందిగా, టెస్ట్‌డ్రైవ్‌లో ఇదే కళ్లు మూసుకునే పరీక్ష కారు ఆపి చేయమను. నొక్కితే లోపలికి దిగే బటనే మంచిది. ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో కొన్ని కార్లకి స్టీరింగ్ మీద తాకితే పనిచేసే నున్నటి పలకలు పెట్టి, కొన్నవాళ్లు విసుక్కుంటే మళ్లీ మామూలు బటన్లకే వచ్చింది. జీప్‌లో స్టీరింగ్ వెనకవైపు వేళ్లకి తగిలే చోట బటన్లుంటాయి, పాత డస్టర్‌లో స్టీరింగ్ వెనక కాడ ఉంటుంది. కాడ స్టీరింగ్‌తో తిరగదు కాబట్టి మలుపులో కూడా ఉన్నచోటే దొరుకుతుంది. నన్నడిగితే అందంగా లేకపోయినా అదే అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు.

మల్టీమీటర్ అంకెలు రాసిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. లైట్లు వేసినప్పుడు బటన్లు ఎలా పనిచేశాయో, ఆపినప్పుడు ఎలాగో కూడా వేరుగా రాయి. అవి చూసి జాయింటో, స్విచ్చో, స్ప్రింగో చెబుతాను. అప్పటిదాకా ఆ షాపువాడికి అడ్వాన్స్ ఇవ్వకు.

నీ మామయ్య