నెలలు నిండకముందే నొప్పులు: స్టెరాయిడ్ సూదులు వేయించాలా?

ప్రశ్న: మా చెల్లెలికి 30వ వారం. నొప్పులొస్తే పీహెచ్‌సీలో డెక్సామెథసోన్ సూది వేసి జిల్లా ఆసుపత్రికి పంపారు. స్టెరాయిడ్ పడితే బిడ్డ ఊపిరితిత్తులు ఎదగవని బంధువులు అంటున్నారు. మిగతా సూదులు వేయించాలా? విటమిన్ ఎ దానికి విరుగుడని చదివాం. క్యాప్సూళ్లు కొనివ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయించండి. ఒక్క సూదితో కోర్సు పూర్తి కాదు. 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం నాలుగు, కండకు వేస్తారు. 2 మి.లీ. వయల్‌లో 8 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి 1.5 మి.లీ. మాత్రమే తీయాలి. రిఫరల్ చీటీ మీద మొదటి సూది వేసిన టైము ఉందో లేదో చూడండి. అది లేకే చాలాచోట్ల ఒక డోసు జారిపోతుంది. బదులుగా ప్రెడ్నిసోలోన్ అనే మరో స్టెరాయిడ్ మాత్రలు పనికిరావు. బిడ్డను చేరేలోపే మాయ వాటి బలాన్ని చాలావరకు తీసేస్తుంది. జ్వరం గానీ, ఉమ్మనీరు దుర్వాసన గానీ ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. షుగర్ ఉంటే కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది, తరచూ చూపించుకోవాలి.

ఊపిరితిత్తుల్లోని గాలిగదులు అంటుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌ను ఈ మందు త్వరగా తయారుచేయిస్తుంది. నెలలు నిండక పుట్టే పిల్లల్లో ఊపిరాడని జబ్బు ఇదే కోవ స్టెరాయిడ్ బీటామెథసోన్‌తో తగ్గుతుందని 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు చూపారు. మొదటి సూది పడ్డాక 24 గంటల నుంచి 7 రోజుల మధ్య కాన్పయితే మేలు ఎక్కువ. అలాగని వారంవారం వేయించకూడదు, బిడ్డ బరువు తగ్గుతుంది.

బంధువుల మాట గాలిలోంచి పుట్టింది కాదు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు రోజుల తరబడి డెక్సామెథసోన్ ఇస్తే గాలిగదుల మధ్య కొత్త గోడలు లేవలేదు. తక్కువ గదులు, అవీ పెద్దవిగా మిగిలాయి. విటమిన్ ఎ నుంచి ఒంట్లో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం ఇస్తే కొంత కోలుకున్నాయి. మీరు చదివిన ‘విరుగుడు’ ఇదే అయ్యుంటుంది. కానీ ఆ మందు పడింది పుట్టాక. మీ చెల్లెలికిచ్చేది పుట్టకముందు, రెండు రోజుల కోర్సు. మనుషుల్లోనూ పుట్టిన మొదటి వారంలోనే శిశువుకు డెక్సామెథసోన్ మొదలుపెడితే పేగుకు చిల్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పడం) ముప్పు పెరుగుతాయి.

విటమిన్ ఎ సంగతి వేరు. కిలోలోపు బరువున్న శిశువులకు 5,000 యూనిట్ల చొప్పున వారానికి మూడు సూదులు, నాలుగు వారాలు వేసి చూశారు అమెరికాలో. 1999లో వచ్చిన ఫలితం: మరణం లేదా దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు 62 శాతం నుంచి 55 శాతానికి తగ్గింది. అది శిశువుకు, ఐసీయూలో. గర్భిణికి క్యాప్సూళ్లు కొనివ్వకండి, మోతాదు మించితే పిండానికి లోపాలొస్తాయి. మొటిమల మందు ఐసోట్రెటినోయిన్‌దీ ఇదే కుటుంబం. గర్భిణి దాన్ని ముట్టనే కూడదు.