ఆపరేషన్‌లో తీసిన కణజాలంలో సన్నని రక్తనాళాలను ఎలా కొలుస్తారు?

ముందు సైజు చూడండి. అన్నిటికంటే సన్నని రక్తనాళమైన కేశనాళిక వ్యాసం సుమారు 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఎర్రరక్తకణమే 7-8 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, కణాలు ఒకదాని వెనక ఒకటి, చాలాచోట్ల ఒళ్లు ముడుచుకుని దూరాల్సిందే.

మామూలు రంగులు వేస్తే ఇంత చిన్నవి కంటికి ఆనకుండా తప్పిపోతాయి. అందుకే ముక్కను కుళ్లకుండా ఫార్మలిన్ ద్రవంలో ఉంచి, మైనంలో పొదిగి, 4-5 మైక్రాన్ల పొరలుగా కోసి, నాళం లోపలి గోడ కణాలకు అంటుకునే సీడీ31 లేదా సీడీ34 యాంటీబాడీ వేస్తారు. మైక్రోస్కోప్ కింద లేత నీలం మీద, యాంటీబాడీ అంటిన నాళాలు గోధుమరంగు ఉంగరాలుగా తేలతాయి. చదరపు మిల్లీమీటరుకు అవి ఎన్నో లెక్కగడతారు. బాగా దట్టంగా ఉన్న చోటునే ఎంచుకునే ‘హాట్‌స్పాట్’ పద్ధతి చాలామంది వాడతారు. నన్నడిగితే, ముందే అనుకోకుండా ఎంచిన మరికొన్ని చోట్లు కూడా లెక్కపెట్టి తీరాలి. లేకపోతే చూసేవారి కన్నే ఫలితాన్ని తనవైపు లాగేస్తుంది.

అసలు చిక్కంతా వ్యాసం దగ్గరే. గుండ్రటి గొట్టాన్ని ఏటవాలుగా కోస్తే కోత కోలగా వస్తుంది. దాన్ని పొడవు వైపు కొలిస్తే లేని వెడల్పు ఉన్నట్టు కనబడుతుంది. అందుకని ఎప్పుడూ పొట్టి వైపే కొలవండి. ఫొటోల్లో కొలతలు తీసే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, అదే లెన్సుతో తీసిన మైక్రోమీటర్ స్లైడు (సన్నని కొలత గీతలున్న గాజుపలక) ఫొటోతో ముందు స్కేలు సరిచూసుకోండి.

ఇంకొకటి: రక్తపు ఒత్తిడి పోగానే నాళం కుంచించుకుపోతుంది, ఫార్మలిన్, మైనం దాన్ని ఇంకాస్త కుదిస్తాయి. ప్రాణమున్న నాళం వెడల్పు కావాలంటే, రక్తం పారుతుండగానే చేతిలో పట్టుకునే వీడియో మైక్రోస్కోప్‌తో చూడాలి.