పిల్లలు వార్తనే తిప్పి రాస్తున్నారా? మా టమోటా పాఠం వినండి

మీ ప్రశ్న ఇదీ: "తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రోజూ పేపర్లో ఒక వార్త చూపించి విశ్లేషణ రాయమంటున్నాను. సగం మంది వార్తనే ఎత్తి రాస్తున్నారు, మిగతా సగం నీతులు రాస్తున్నారు. ఎలా నేర్పించాలి?"

నేను మదనపల్లె దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మీరు చెప్పిన రెండు రోగాలూ నా క్లాసులోనూ ఉండేవి. రెండేళ్ల పాటు వాటిని పెంచి పోషించింది నేనేనని తర్వాత తెలిసొచ్చింది.

మా బళ్లో ప్రార్థనప్పుడు ప్రతిజ్ఞ అయ్యాక ఒకరు పేపరు పట్టుకుని ముందుకొచ్చి నాలుగు ముఖ్యాంశాలు చదువుతారు. అచ్చం ఆకాశవాణి ప్రాంతీయ వార్తల గొంతుతో. వినేవాళ్లకు ఒక్క ముక్క ఎక్కదు, చదివినవాడికీ ఎక్కదు. నేను అదే పనిని నోటుపుస్తకంలోకి దించాను. రోజుకో వార్త, పది వాక్యాలు. నెల తిరిగేసరికి ఏ పుస్తకం తెరిచినా ఒకటే చివరి వాక్యం: "కావున ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి." తుపానొచ్చినా అదే, కుక్క కరిచినా అదే. ఒకడైతే మనవాళ్లు క్రికెట్ మ్యాచ్ ఓడిపోయిన వార్త కింద కూడా అదే రాశాడు.

వాణ్ని అని లాభం లేదు. వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని, ముగింపులో ఒక మంచిమాట ఉండి తీరాలని ఆరో తరగతి నుంచి నూరిపోసింది మేమే. పాఠం వెనక "అవగాహన-ప్రతిస్పందన" అని శీర్షిక ఉంటుంది గానీ, దాని కింద ప్రశ్నలకు జవాబులు గైడులోంచే వస్తాయి. అందుకని మొదట ఒక నిషేధం పెట్టాను: కావున, కాబట్టి, మనమందరం, తగు చర్యలు అనే మాటలు వాడకూడదు, ముగింపు రాయకూడదు. రెండో నిషేధం, వార్తలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించకూడదు. ఆ వారం చాలామంది ఖాళీ కాగితాలు ఇచ్చారు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఆ రెండూ తీసేస్తే ఏం రాయాలో వాళ్లకు నేను చెప్పనేలేదని అప్పుడు అర్థమయింది.

దారి చూపించింది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. ఆ ఏడు టమోటా ధర పడిపోయింది. జిల్లా పేజీలో పెద్ద ఫోటో, రోడ్డు మీద కుప్పగా పారబోసిన టమోటాలు, పక్కన తలపట్టుకున్న రైతు. కిలో 2 రూపాయలని శీర్షిక. క్లాసులో సగం పైగా టమోటా సాగుచేసే ఇళ్ల పిల్లలే కదా, బాగా రాస్తారనుకున్నాను. మళ్లీ అదే కన్నీళ్లు, అదే అన్నదాత, అదే దేశానికి వెన్నెముక. ఈ అమ్మాయి కాగితం మీద మాత్రం ఏమీ లేదు. ఎందుకు రాయలేదే అని అడిగితే, నసుగుతూ ఇలా చెప్పింది:

"మా నాయన ఈసారి కోయనే లేదు సార్. కోత కూలి, బండి బాడుగ కూడా రావని తోటలోకి గొర్రెలు తోలేసినాడు. రోడ్డు మీద పోసేది మార్కెట్టుకు తెచ్చినోళ్లే కదా. మా మాదిరోళ్లు ఫోటోలో పడరు."

ఇరవై ఏళ్లుగా అలాంటి ఫోటోలు చూస్తున్నాను. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఫోటోగ్రాఫర్ మార్కెట్టు దగ్గర నిలబడతాడు, కాబట్టి మార్కెట్టు దాకా వచ్చిన నష్టమే పేపర్లోకి వస్తుంది. తోటలోనే ఆగిపోయిన నష్టం ఎంతో ఆ వార్త చదివితే తెలియదు. ఇదే రాయమ్మా అన్నాను. "ఇది వార్తలో లేదు కదా సార్" అంది. లేదు గనకనే రాయమన్నాను.

ఆ రోజు బోర్డు మీద రాసిన ప్రశ్న ఇప్పటికీ మా క్లాసులో మొదటి ప్రశ్న: ఈ వార్తలో ఎవరు లేరు? మిగతావి దాన్నుంచే పుట్టుకొచ్చాయి. కిలో 2 రూపాయలంటే ఎక్కడ? మండీ వేలంలోనా, అంగట్లోనా? మొదటి రకానికా, దెబ్బతిన్న కాయకా? అదే వారం బెంగుళూరులో వాళ్ల పిన్ని కిలో 20 పెట్టి కొన్నదని ఒకడు చెప్పాడు. మండీకీ పిన్నికీ మధ్య ఆ 18 రూపాయలు ఎవరెవరి చేతుల్లో పడ్డాయి? బాడుగ, కమీషన్, కుళ్లిపోయిన కాయ, అంగడివాడి లాభం, ఒక్కొక్కటీ బోర్డు మీదికి ఎక్కాయి. అంతకుముందు వారం "దళారులు దోచుకుంటున్నారు" అని ఒక్క మాటలో తేల్చేసిన పిల్లలే ఇవన్నీ చెప్పారు.

తర్వాత 2023 జూలై వచ్చింది. మా మార్కెట్లో కిలో 200 దగ్గరికి పోయింది. టమోటా కోటీశ్వరులంటూ టీవీల్లో, పేపర్లలో ఒకటే హోరు. ఈసారి రాతలు వేరుగా వచ్చాయి. ఒకడు రాసిన వాక్యం నాకు కంఠస్థం: "ధర ఎక్కువుంది కాబట్టి రైతులు బాగుపడ్డారని రాసినారు, కానీ ఎక్కువమందికి తోట లేదు కాబట్టే ధర ఎక్కువైంది." వ్యాకరణం దిద్దలేదు నేను. నిషేధించిన "కాబట్టి" రెండుసార్లు వాడాడు, అదీ వదిలేశాను. ముగింపుకు ముందు అలవాటుగా అంటించే కాబట్టి వేరు, కారణం చెప్పే కాబట్టి వేరు.

అదే నెలలో కేంద్రం ఎన్‌సీసీఎఫ్ (జాతీయ సహకార వినియోగదారుల సమాఖ్య) చేత ఇక్కడి మండీల్లోనూ, కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ టమోటా కొనిపించి, 14వ తేదీ నుంచి ఢిల్లీ వైపు కిలో 90కి అమ్మించింది. రెండ్రోజులకు 80, 20వ తేదీ నుంచి 70. ఇది చదివి ఒక పిల్లాడికి కోపమొచ్చింది. "ధర పెరిగితే పరిగెత్తుకొచ్చినారు, పడిపోతే ఎందుకు రారు?" అని రాసి ఆపేశాడు. మంచి ప్రశ్నే. కానీ ప్రశ్న వేసి చేతులు దులుపుకోవడం కూడా ఒకరకం తగు చర్యలే. "రారు అని నీకెట్ల తెలుసు?" అని పక్కన రాసి పుస్తకం వెనక్కిచ్చాను. కంప్యూటరు గదిలో కూర్చుని వెతికాడు. 2018-19 కేంద్ర బడ్జెట్లో టమోటా, ఉల్లి, ఆలుగడ్డల ధరల ఒడిదుడుకులను అదుపు చేయడానికి 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అని ఒకటి ప్రకటించారని దొరికింది. అంటే వాడు రాసింది పూర్తిగా నిజం కాదు. మొహం వేలాడేశాడు. మీ వీధిలో టమోటా పెట్టేవాళ్లను అడిగి రారా అని పంపించాను. చివరికి వాడు తెచ్చింది ఇదీ: "పథకం ఉండాది. మా వీధిలో ఏడుగురిని అడిగినాను. ఒక్కరు కూడా దాని పేరు వినలేదు. ఏడుగురే కాబట్టి అందరికీ తెలియదని చెప్పలేను." ఆ చివరి వాక్యం కోసం నేను రెండేళ్లు నానా తంటాలు పడ్డాను. వాడంతట వాడే రాశాడు.

ఇక భాష సంగతి. తెలుగు టీచరుగా ఇది నాకు ఇష్టమైన భాగం, మీరు ఏ సబ్జెక్టు చెప్పినా ఒక పీరియడ్ కేటాయించండి. మన పేపర్లలో మాట్లాడేవాళ్లను బట్టి క్రియ మారిపోతుంది. అధికారి వెల్లడిస్తాడు, మంత్రి స్పష్టం చేస్తాడు, ప్రతిపక్షం ఆరోపిస్తుంది లేదా మండిపడుతుంది, రైతు వాపోతాడు. వెల్లడించాడంటే ఉన్న నిజాన్ని బయటపెట్టాడని మనసులో పడిపోతుంది. ఆరోపించాడంటే అబద్ధం కావచ్చని అనుమానం పుడుతుంది. ఇద్దరూ చేసింది నోరు తెరిచి మాట్లాడటమే. వార్తలో ఆ క్రియలన్నీ పెన్సిలుతో కొట్టేసి, ప్రతిచోటా "అన్నారు" అని పెట్టి మళ్లీ చదవమంటాను. వార్త వేరే వార్త అయిపోతుంది. పిల్లలు పగలబడి నవ్వుతారు, తర్వాత కాసేపు మాట్లాడరు. అలాగే "తెలుస్తోంది", "సమాచారం" అని ముగిసే వాక్యాల కింద గీత గీయిస్తాను, ఎవరికి తెలుస్తోంది, ఎవరిచ్చారు అని. శీర్షిక చివర ఆశ్చర్యార్థకమో ప్రశ్నార్థకమో ఉంటే, రాసినవాళ్లకే నమ్మకం లేదేమో చూడండర్రా అంటాను. సెలవుల మీద వచ్చే వార్తల్లో ఈ గుర్తు ఉందో లేదో ఇప్పుడు వాళ్లు నాకంటే ముందు చూస్తున్నారు.

రోడ్డు ప్రమాదాల వార్తలు కూడా దీనికి బాగా పనికొస్తాయి. "అతివేగమే కారణమని పోలీసులు భావిస్తున్నారు" దగ్గర ఆగి, ఆ మలుపు తెలిసిన పిల్లవాణ్ని లేపండి. లైటు ఉందా, సూచిక బోర్డు ఉందా, ఇంతకుముందు అక్కడ ఎవరైనా పడ్డారా, అన్నీ చెబుతాడు. పరీక్ష ఫలితాల రోజు "బాలికలదే పైచేయి" మీకు ఎలాగూ దొరుకుతుంది. ఎంతమంది రాస్తే ఎంతమంది పాసయ్యారని లెక్క తీయించండి. పోయినేడు 60 శాతం, ఈసారి 66 శాతమైతే పెరిగింది 6 శాతమా, 10 శాతమా అని అడగండి, లెక్కల మాస్టారు కూడా వచ్చి కూర్చుంటారు.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. పోలిక నేర్పిద్దామని ఒక ఏడాది మొదటి వారంలోనే అసెంబ్లీ గొడవ ఒకటి రెండు పేపర్లలోంచి తెచ్చి పక్కపక్కన పెట్టాను. ఏ పేపరు ఎవరి వైపో మన పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పది నిమిషాల్లో క్లాసు రెండు పార్టీలయింది. మరుసటిరోజు ఒక తండ్రి వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాడు, బళ్లో రాజకీయాలు చెబుతున్నారని. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. రాజకీయ వార్తలు అసలు వద్దని నేననను, పదో తరగతి పిల్లలకు ఇంకో రెండు మూడేళ్లలో ఓటు వస్తుంది. కాకపోతే క్రియల పాఠం అయ్యాకే తీయండి, అదీ సంవత్సరం చివర్లో. మొదట నీళ్ల ట్యాంకు, బస్సు, ధర, వాన.

రోజూ రాయించడం మానేయండి. చదవడం రోజూ, రాయడం వారానికి ఒకసారి, ఎనిమిది నుంచి పన్నెండు వాక్యాలు. రోజూ రాస్తే దించడమే అలవాటవుతుంది, మీకూ దిద్దే ఓపిక ఉండదు. నేను ఇప్పుడు తప్పులు దిద్దడం తగ్గించి, అంచులో రెండే ప్రశ్నలు రాస్తున్నాను: "ఎవరన్నారు?", "నీకెట్ల తెలుసు?" తిరిగి రాసిన ప్రతికే మార్కులు. ఫార్మేటివ్ పరీక్షలకు (ఏడాది మధ్యలో బళ్లోనే పెట్టేవి) ప్రాజెక్టు పని చేయించాల్సి ఉంటే, నాలుగు వారాల రాతలు కుట్టి దానికింద చూపిస్తే మీకు అదనపు పని ఉండదు.

ఇంట్లో ఫోనులో ఏఐని అడిగి రాసుకొస్తున్నారని ఈమధ్య తోటి మాస్టర్లు బాధపడుతున్నారు. దేశం మీదా ధరల మీదా వ్యాసం అడిగితే అది చక్కగా రాసిస్తుంది, ముగింపుతో సహా. మా ఊరి తోటలోకి గొర్రెలు ఎందుకు తోలారో దానికి తెలియదు. అందుకే నేను జిల్లా పేజీ దాటి బయటికి పోవడం తక్కువ.

చివరగా ఒక చిన్న సంగతి. వార్త కత్తిరించి అంటించేటప్పుడు పేపరు పేరు, తేదీ పక్కన రాయించండి, మొదటి రోజు నుంచే. నా మొదటి రెండేళ్ల కటింగులు ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. టమోటావే నలభైకి పైగా. ధరలన్నీ కనిపిస్తున్నాయి, ఏది ఏ నెలదో ఏ ఏడాదిదో ఒక్కదాని మీదా లేదు.