బోటు బ్యాటరీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

సాగర్, సోమశిల, జూరాల వైపు నుంచి ఈసారి బోటు బ్యాటరీల మీద ప్రశ్నలు చాలా వచ్చాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. సముద్రంలో తిరిగే బోట్ల కోసం చెప్పే జాగ్రత్తల్లో సగం ఉప్పు గాలి గురించే ఉంటాయి. కృష్ణలో ఉన్నవి మంచినీళ్లు. ఇక్కడ బ్యాటరీలు ఎక్కువగా పోయేది ఎండకు, నెలల తరబడి వాడకం లేక ఒడ్డున పడి ఉండడానికి.

ప్రశ్న: మాది డీజిల్ ఇంజన్ బోటు, 80 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ పట్టే చార్జి కొలత) బ్యాటరీ. ఎండాకాలం నీళ్లు ఎనకకు పోయి మూడు నెలలు ఒడ్డుమీదనే ఉన్నది. ఇప్పుడు సెల్ఫ్ కొడితే టక్ టక్ మంటది గాని ఇంజన్ లేస్తలేదు. బ్యాటరీ కొని ఏడాదిన్నర గూడ కాలేదు. ఇగ పోయినట్టేనా? — నందికొండ నుంచి ఒక మత్స్యకారుడు

పోయిందని ఇప్పుడే అనుకోకండి, పరీక్ష చేద్దాం. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగిపోతూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెండింతలవుతుంది. మే నెలలో రేకుల కింద పెట్టిన బ్యాటరీ గతి ఎలా ఉంటుందో ఊహించుకోండి. చార్జి దిగిన కొద్దీ ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి, ఎంత చార్జి చేసినా కదలదు. మూత తీసి టార్చి వేసి చూడండి. ప్లేట్ల అంచుల మీద తెల్లటి బూడిద పూసినట్టు కనిపిస్తే అదే.

ముందు నీళ్లు చూడండి. ప్లేట్లు బయటికి తేలి ఉంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఇప్పుడే నిండా పోస్తే చార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పైకి పొంగుతుంది. తరవాత 2 నుంచి 3 ఆంపియర్ల మీద 24 నుంచి 36 గంటలు నిదానంగా చార్జి చేయించండి. గట్టిపడుతున్న సల్ఫేటుకు ఈ నిదానమే మందు. మామూలు రోజుల్లో అయితే 80 ఏహెచ్‌కు 8 ఆంపియర్లు, అంటే పదో వంతు సరిపోతుంది.

చార్జి అయ్యాక ఆరు గంటలు అలా వదిలేసి మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టుల పైన ఉంటే ఫుల్లు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. ఎంత చార్జి చేసినా 10.5 దగ్గరే ఆగిందంటే లోపలి ఆరు గదుల్లో ఒకటి, అంటే ఒక సెల్, షార్ట్ అయినట్టు. ఇక దాని మీద డబ్బు పెట్టకండి.

వోల్టేజీ బాగానే ఉన్నా హైడ్రోమీటర్‌తో ఆరు సెల్‌ల గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, విడివిడిగా చూడాలి. బల్బు నొక్కి యాసిడ్ లాగాక లోపలి తేలుడు గొట్టం గాజు గోడకు అంటుకోకుండా, బుడగలు తగ్గేదాకా ఆగి, కళ్లకు సమానంగా ఎత్తి చదవండి. ఇంజన్ లేపే స్టార్టింగ్ బ్యాటరీల్లో ఫుల్ చార్జికి 1.260 చుట్టుపక్కల, గంటల కొద్దీ కరెంటు ఇచ్చే ట్యూబులర్ బ్యాటరీల్లో 1.240 దగ్గర ఉంటుంది. మీ లేబుల్ మీద వేరే అంకె ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి. ఈ అంకెలు 27 డిగ్రీల వేడికి సంబంధించినవి. యాసిడ్ 42 డిగ్రీలుంటే చదివిన దానికి 0.010 కలుపుకోవాలి. ఐదు సెల్‌లు 1.250 చూపించి ఒక్కటి మాత్రం 1.200 చూపిస్తే ఆ సెల్ చెడింది. ఆరూ ఒకేలా తక్కువుంటే ఇంకా చార్జి పట్టాలి.

వచ్చే ఎండాకాలానికి ఇలా చేయండి. బోటు ఒడ్డెక్కగానే బ్యాటరీ తీసి, ఫుల్ చార్జి చేసి, పైభాగం తుడిచి ఇంట్లో నీడపట్టున పెట్టండి. పైన తడి మట్టి ఉంటే దాని గుండా కూడా కొంత కరెంటు కారిపోతుంది. నెలకోసారి మీటర్ పెట్టి 12.4 కంటే దిగితే మళ్లీ చార్జి చేయండి. తీసేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఈ వరస తప్పితే స్పానర్ ఇంజన్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి.

ప్రశ్న: మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు, బోరు నీళ్లు పోయొద్దని తెలుసు. ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లు పోయొచ్చా? తాగడానికి మంచిగనే ఉంటయి కదా. — చందంపేట

వద్దు. తాగే నీళ్లకు కొంత ఉప్పు, ఖనిజం ఉండాల్సిందే. బ్యాటరీకి అదే విషం. క్లోరైడు ప్లేట్లను తింటుంది, ఇనుము ఉంటే చార్జి తొందరగా దిగిపోతుంది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే కాబట్టి ఉప్పంతా సెల్‌లోనే మిగిలి, పోసిన ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. ఒక్కసారి పోస్తే ఏమీ కాలేదని చాలామంది మోసపోయేది ఇక్కడే. అసలు ఫ్లోరైడొక్కటే కాదు, కరిగి ఉన్న ఏ ఉప్పూ పనికిరాదు. సీలు ఉన్న డిస్టిల్డ్ వాటర్ క్యానే కొనండి. ఇంట్లో మంచినీళ్ల సీసాలోకి మార్చి పెట్టుకోకండి.

ఫుల్ చార్జి అయ్యాకే ప్లేట్ల మీద 10 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేలా పోయాలి. యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు. గ్రావిటీ తగ్గిందంటే దానికి కావలసింది చార్జింగ్. ఎండాకాలంలో రెండు వారాలకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి మట్టం చూడండి. వారం వారం నీళ్లు అడుగుతోందంటే తప్పు నీటిది కాదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద వోల్టేజీ కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 14.8 దాటితే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతోంది.

ప్రశ్న: షాపులో రెండు గంటల్లో ఫుల్ చార్జి చేసిస్తమంటున్నరు. పెట్టించొచ్చా? — గద్వాల

పెట్టించకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా గబగబా తీసుకుంటుంది, చివరి 20 శాతాన్ని నిదానంగానే తాగుతుంది. రెండు గంటల్లో అయ్యేది పైపై చార్జి, ప్లేట్లు వంగిపోవడం. 14.4 వోల్టుల దగ్గర నిలిపి, లోపలికి వెళ్లే కరెంటు 100 ఏహెచ్‌కు 2 ఆంపియర్లకు తగ్గేదాకా ఉంచాలి. మే నెల ఎండలో 14.1 చాలు. నీళ్లు పోయని సీల్డ్ బ్యాటరీలు, అంటే జెల్, ఏజీఎం రకాలైతే లేబుల్ మీద రాసిన వోల్టేజీ దాటనే కూడదు.

ప్రశ్న: సోమశిలలో టూరిస్టులను తిప్పుతం. లైట్లు, పాటలు, మొబైల్ చార్జింగ్ అన్నీ ఒక్క బ్యాటరీ మీదనే. సంగమేశ్వరం పోయి ఇంజన్ ఆపితే, తిరిగి వచ్చేటప్పుడు సెల్ఫ్ లేస్తలేదు. పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోతదా? — కొల్లాపూర్

పెద్దది వేస్తే రెండు గంటలు ఆలస్యంగా అదే కష్టం వస్తుంది. స్టార్టింగ్ బ్యాటరీ ప్లేట్లు పలచన. క్షణాల్లో వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవి, గంటల కొద్దీ పాటలకు కావు. సగానికి పైగా దించుతూ పోతే కొన్ని నెలల్లోనే ప్లేట్ల మీది మందు రాలి అడుగున చేరుతుంది. లైట్లకు, పాటలకు విడిగా ట్యూబులర్ బ్యాటరీ పెట్టండి, ఇంజన్‌ది ఇంజన్‌కే వదిలేయండి.

రెండింటినీ ఒకే ఆల్టర్నేటర్‌తో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నింపాలంటే మధ్యలో వోల్టేజీని బట్టి కలిపే రిలే వేయించండి. ఇంజన్ లేచి 13.3 దగ్గరికి రాగానే రెండూ కలుస్తాయి, 12.8కి దిగగానే విడిపోతాయి. మనిషి గుర్తుంచుకోవాల్సిన పని ఉండదు. చేత్తో తిప్పే ఒకటి-రెండు-రెండూ-ఆఫ్ స్విచ్ చవక. కానీ ఇంజన్ నడుస్తుండగా అది ఆఫ్ మీదికి వెళ్లిందంటే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి. ప్రయాణికులుండే బోటుకు రిలేయే మేలు.

అంతకు ముందు ఒక చిన్న పరీక్ష. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మీద మీటర్ పెట్టండి. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ బలహీనం. 11 దగ్గర నిలబడి కూడా మోటార్ తిరగకపోతే లోపం క్లాంపులోనో, ఎర్త్ వైరులోనో ఉంది. క్లాంపు తీసి తెల్ల, పచ్చ పొడి కనిపిస్తే గ్లాసు నీళ్లలో ఒక చెంచా తినే సోడా కలిపి బ్రష్‌తో కడగండి. సెల్ మూతలు బిగించే ఉండాలి, ఆ నీళ్లు లోపల పడకూడదు. ఆరాక బిగించి పైన వాసలిన్ రాయండి.

ప్రశ్న: జూరాలలో రాత్రి వలకు 10 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు కావాలె. ఎంత సోలార్, ఎంత బ్యాటరీ? — ఆత్మకూర్

రెండు లైట్లు పది గంటలు వెలిగితే 200 వాట్ అవర్లు, 12 వోల్టుల లెక్కన సుమారు 17 ఏహెచ్. బ్యాటరీని సగానికి మించి దించకూడదు, మబ్బు పట్టిన రెండు రాత్రులు తట్టుకోవాలి. కాబట్టి 75 ఏహెచ్ ట్యూబులర్ తీసుకోండి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 5.5 ఆంపియర్ల దాకా ఇస్తుంది. రోజుకు ఐదు గంటల నిండు ఎండ అనుకుని, చార్జింగ్‌లో పోయేది తీసేస్తే 23 ఏహెచ్ దాకా దక్కుతుంది. 75 వాట్లయితే 17 దాకానే వస్తుంది, వానల్లో చాలదు.

బ్యాటరీకి వెళ్లే చార్జిని అదుపు చేసే కంట్రోలర్ లేకుండా ప్యానెల్‌ను నేరుగా తగిలించకండి. 12 వోల్టుల ప్యానెల్ అని పేరే గాని లోడు లేనప్పుడు 21 వోల్టులు దాటుతుంది. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తరవాత ప్యానెల్ కలపాలి. తీసేటప్పుడు ముందు ప్యానెల్. ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య దూరం ఐదు మీటర్లయితే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పావు వోల్టే పోతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, లైటు దగ్గర కాదు.

బ్యాటరీ పెట్టె మూత గాలాడేలా చేయించండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే బీడీ నిప్పు చాలు. యాసిడ్ కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: సిమెంటు గచ్చు మీద పెడితే బ్యాటరీ దిగిపోతదా? — మిర్యాలగూడ

ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాల బ్యాటరీలు దిగవు. దిగినా అది గచ్చు వల్ల కాదు, చార్జి చేయకపోవడం వల్ల.

ప్రశ్న: పాత బ్యాటరీ యాసిడ్ పారబోసి తెస్తే తూకానికి కొంటమంటున్నరు. ఎక్కడ పారబోయాలె? — పెద్దవూర

ఎక్కడా పారబోయకండి. ఆ యాసిడ్‌లో సీసం ఉంటుంది. సాగర్ నీళ్లే అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా తాగునీటికి పోతాయి, మీ వలలో పడే చేపలూ ఆ నీళ్లలోనివే. మూతలు బిగించి, నిటారుగా పెట్టి, కొత్త బ్యాటరీ కొనే షాపులోనే ఇచ్చి ధర తగ్గించమనండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదార్ల మీద ఉంది. యాసిడ్‌తో సహా తీసుకోమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్లండి.